పందెపు కార్లవారి యింటిపోరు

2023వ సంవత్సరపు వేసవిని మేము అమెరికాదేశమునందలి కాలిఫోర్నియాలో మా పెద్దబ్బాయి యింట గడపి వచ్చితిమి. తిరిగి వచ్చిన నాటినుండి తెనాలిలోని మా యిరుగుపొరుగు సోదరీమణులు "అక్కడ నేమేమి చూచితిరి?" అని యడుగుచునే యున్నారు. సముద్రమును చూచితిమి, ఆకాశమునంటు వృక్షములను చూచితిమి, దేవాలయమున అభిషేకము చేయించితిమి. ఇవన్నియు చెప్పితిమి. చెప్పక దాచినది ఒక్కటి కలదు. ఒకనాటి యుదయమున నోటుబుక్కు మా చేతిక్రిందనే యుండగా టెలిఫోనులో నొక యిల్లాలితో "లేదు" అని బొంకితిమి. ఆ మాట పోయి యెవరికి తగిలినదో వ్రాయుటకే నేడు కలము పట్టితిమి.

మా అబ్బాయికి కార్ల పందెములపై మక్కువ గలదని అక్కడకు పోవువఱకు మాకు తెలియదు. వాడెన్నడును చెప్పలేదు, చెప్పినచో మాకు నిద్రపట్టదని వానికి తెలియును. వారమునకైదు దినములు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయు మనిషి, నెలకొక శనివారమున తెల్లవాఱుజాము మూడుగంటలకు లేచి, ఇద్దఱు మాత్రమే పట్టు మాజ్దా మియాటా యను చిన్నకారును ట్రయిలరుపై నెక్కించుకొని, నూఱుమైళ్ల దూరమున నున్న పందెపు బాటకు పోవుచుండెను. ఆ కారులో మెత్తలు లేవు, చల్లగాలి లేదు. తలక్రిందులైనను లోని మనిషి నలగకుండుటకై ఇనుపగొట్టములతో పంజరము కట్టియున్నది. దానిని చూచి మావారు మండిపడిరి. "ఎడ్లపందెములలో రెండెకరముల మాగాణి పోగొట్టిన మా తాతగారు చాలరా మన వంశమునకు?" అనిరి.

"ఇది డబ్బు పందెము కాదు నాన్నగారూ. గెలిచినవానికి గోడకు తగిలించుకొను పలక యొకటి యిత్తురు. అంతే" అని వాడు నవ్వెను.

ఆ మాట నిజమే. మేము ప్రయాణమగుటకు కొలది వారములు ముందు, 2023 ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదులో హుస్సేనుసాగరపు టొడ్డున ఫార్ములా-ఈ పందెము జరిగినది. విద్యుచ్ఛక్తితో నడచు ఆ కార్లు ఈలవేసినట్లు పోవుచుండుటను మా చెల్లెలు విని మాకు చెప్పినది. అది జీతములు పుచ్చుకొను నిపుణుల పందెము. మా అబ్బాయి చేరినది వేడుకపందెములవారి సంఘము. అందు కారు తనది, పెట్రోలు తనది, టైర్లు తనవి, విఱిగిన యెడల బాగుచేయించుకొను ఖర్చును తనదే. పందెమున పాల్గొనుటకు ఎదురు రుసుము చెల్లింపవలెను. ఇంత ఖర్చు చేసి చెమటలు కార్చుకొను వేడుక ఏమి వేడుకో మాకు నేటికిని బోధపడలేదు. కాని వాడు పందెమునుండి తిరిగివచ్చిన రాత్రి, చిన్నతనమున ఈతకొట్టి వచ్చిన దినములందువలె, మాటాడుచు మాటాడుచునే అన్నము తినుచుండెను. అది చూచి మావారు మఱి మాటాడలేదు.

ఆ సంఘము పేరిచ్చట వ్రాయము. దానికి ఉత్తరశాఖయు దక్షిణశాఖయు కలవు, మావాడు ఉత్తరశాఖవాడు. పందెము నడుపుటకు జీతగాండ్రు లేరు. పేర్లు నమోదుచేయుట, కార్ల బిగింపులు సరిచూచుట, ఎవరెంత కాలమున చుట్టువచ్చిరో లెక్కకట్టుట, మలుపుమలుపున నిలిచి జెండాలు చూపుట, సమస్తమును సభ్యులును వారి యింటివారును చేయుదురు. వీరిలో స్త్రీలు తక్కువవారు కారు. మా కోడలు తాను కారెక్కదు గాని జెండాల మనుష్యుల నందఱను కూర్చు పని యామెది. ఎవరు రాగలరు, ఎవరిని ఏ మలుపున నిలుపవలెను, ఎవరికి మోకాళ్లనొప్పి, ఎవరు ఎండకు తాళలేరు, ఇవియన్నియు ఆమె యొక నీలిరంగు నోటుబుక్కులో వ్రాసికొనియుండెను. కంప్యూటరులో పేర్ల పట్టిక యున్నదట గాని అది పాతబడినది; అక్కఱకు వచ్చునది నోటుబుక్కే.

మొదటి పర్యాయము మేము పందెము చూడబోయినప్పుడు కోడలు మమ్ము ఒక పెద్దావిడకు అప్పగించినది. ఆమెకు 76 ఏండ్లు. పిల్లల బడిలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినది. తెల్లని దుస్తులు, తెల్లని టోపీ ధరించి, మడతకుర్చీ చంకను పెట్టుకొని, నలుబదియేండ్లకు పైగా మలుపులందు జెండాలు పట్టుచున్నది. మా మనుమరాలు ఆమెకు "జెండాల మామ్మ" అని పేరుపెట్టినది. మేమును ఆ పేరుననే పిలుతుము.

జెండాల మామ్మ మాకు జెండాల భాష నేర్పెను. ఆకుపచ్చ చూపిన పందెము ప్రారంభము. పసుపుపచ్చ చూపిన ముందు ప్రమాదము కలదు, ఒకరినొకరు దాటరాదు. పసుపుపై ఎఱ్ఱగీతలున్న బాట జాఱుడుగా నున్నదని యర్థము. నీలిజెండాపై పసుపుపట్టె యున్న, నీకంటె వేగముగలవాడు వెనుక వచ్చుచున్నాడని హెచ్చరిక. నల్లది చూపినవాడు బాట విడిచి లోనికి రావలెను. ఎఱ్ఱనిది చూపిన అందఱును ఆగవలసినదే. నలుపుతెలుపుల గళ్లజెండా పందెము ముగింపు. "తక్కినవి మఱచినను ఫరవాలేదు గాని పసుపుపచ్చను మఱువరాదు. మలుపునకు ఆవల నేమున్నదో కారు నడుపువానికి కానరాదు. వానికి మనమే కన్నులు" అని చెప్పెను. అందువలననే మలుపునకు ఇద్దఱుండవలెను. ఒకరు వచ్చు కార్ల వైపు చూడవలెను, మఱియొకరు పోయిన కార్ల వైపు చూడవలెను.

ఆ మధ్యాహ్నమే మేమీ సంఘములోని యింటిపోరును గూర్చి మొదట వింటిమి. ఉత్తరశాఖవారు ప్రతి సంవత్సరము మే నెలలో మూడవ శని ఆదివారములందు పందెము జరుపుట వాడుక. ఆ సంవత్సరము సంఘపు కేంద్రసభలో దక్షిణశాఖవారికి ఎక్కువ వోట్లు వచ్చి, పందెముల పంచాంగము వ్రాయు అధికారము వారి చేతబడెను. వారు ఆ మూడవ వారమును తమకు వ్రాసికొని, ఉత్తరశాఖవారికి జూలై నెల చూపించిరి. జూలైలో ఆ లోయయందలి యెండ మన రోహిణీకార్తెను తలపించును.

తేదీ యొకటి మాఱినంతమాత్రమున నింత రగడయా యని మాకు తోచినది. అడుగగా మా అబ్బాయి లెక్క చెప్పెను. పందెపు బాటకు అద్దె చెల్లింపవలెను, భీమా చెల్లింపవలెను, వైద్యుల బండి తెప్పింపవలెను. ఇవి యెందఱు వచ్చినను తగ్గని ఖర్చులు. పందెగాండ్ర రుసుములే రాబడి. మంచి తేదీ దొరకిన శాఖకు మిగులు. చెడ్డ తేదీ వచ్చిన శాఖకు అప్పు. ఒకే వారమున రెండు శాఖలును పందెములు పెట్టినచో పందెగాండ్రు చీలుదురు, జెండాల మనుష్యులు చీలుదురు, ఇద్దఱును మునుగుదురు. ఉమ్మడికుటుంబమున నొకటే బావి, ఒకటే గిలక యుండి, తోడికోడండ్రిద్దఱును తెల్లవాఱగనే చేద పట్టుకొని వచ్చినచో నేమగునో మన కొకరు చెప్పనక్కఱలేదు గదా.

జెండాల మామ్మ మాత్రము ఈ రగడకు విస్తుపోలేదు. ఇట్టివి పుట్టి డెబ్బదియేండ్లు దాటినవని చెప్పి, భోజనపు వేళ నీడను కూర్చుండి ఆ దేశపు సంఘములన్నిటిలో పెద్దదియైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా చరిత్రమును మాకు చెప్పినది. ఆ సంఘము 1944లో, ప్రపంచయుద్ధము సాగుచుండగనే, తూర్పుతీరమున బోస్టనులో ఏడుగురు కారుప్రియులు కలిసి పెట్టినది. మంచి పాతకార్లు పాడుకాకుండ కాపాడుకొనుటయే అప్పటి కోరిక. పందెముల తలపు తరువాత వచ్చినది. 1948 అక్టోబరు 2వ తేదీని న్యూయార్కు రాష్ట్రమునందలి వాట్కిన్స్ గ్లెన్ అను గ్రామమున, కామెరాన్ ఆర్జెట్‌సింగర్ అను న్యాయశాస్త్ర విద్యార్థి ప్రోత్సాహమున పందెము జరిగినది. బాట 6.6 మైళ్లు. అది గ్రామపు వీథులలోనుండియే పోవును. మధ్య రైలుపట్టాలను దాటవలెను. జనులు ఇండ్లముంగిళ్ల నిలిచి చూచిరి. 1952లో ఆ వీథిపందెమున చూపరులలోని యేడేండ్ల బాలుడు మరణించెను. అటుపైన వీథులలో పందెములు సాగుట దుర్ఘటమయ్యెను. అప్పుడు సైన్యాధికారియు కారుప్రియుడునైన కర్టిస్ లెమే తన విమానదళపు స్థావరములందు పందెములు జరుపుకొననిచ్చెను. 1952 మొదలు రెండుమూడేండ్లు అట్లు జరిగినవి.

విమానముల బాటపై కార్ల పందెములన్నది విని మాకు మన షోళవరము జ్ఞప్తికి వచ్చినది. నెల్లూరునుండి చెన్నపట్టణము పోవు బాటలో నున్న ఆ యుద్ధకాలపు విమానపు బాటపై మద్రాసువారి మోటారు పందెముల సంఘము ఏండ్ల తరబడి పందెములు జరిపినది. మావారు కాలేజీలో చదువుకొను దినములలో మిత్రులతో పోయి చూచి వచ్చిరట. ముప్పదియేండ్ల సంసారమున నాకెన్నడును చెప్పని యీ సంగతిని అక్కడ నీడను కూర్చుండి జెండాల మామ్మకు చెప్పిరి! కుమారునిపై మండిపడిన తండ్రి ఈయనయే.

తూర్పువారు పెట్టిన సంఘమునకు పడమట బలము పెరుగుటతో పోరు మొదలయ్యెను. శాన్‌ఫ్రాన్సిస్కో శాఖవారు 1950లో పెబుల్ బీచి చెట్లనడుమ పందెములు ప్రారంభించిరి. దక్షిణమున లాస్ ఏంజెలెస్ వైపున కాలిఫోర్నియా స్పోర్ట్స్ కార్ క్లబ్, వాడుకలో కాల్ క్లబ్, వేఱు కుంపటి పెట్టుకొని యుండెను. అక్కడనే పెద్దసంఘపు లాస్ ఏంజెలెస్ శాఖయు నుండెను. ఒకే యూరిలో రెండు సంఘములు. వీరి అనుమతిపత్రము వారికి చెల్లదు, వారిది వీరికి చెల్లదు. పందెగాండ్రు నడుమ నలిగిరి. దీనికి తోడు డబ్బు పట్టింపు. పెద్దసంఘపు పెద్దలు తమ సభ్యులు బహుమానపు సొమ్ము ముట్టరాదని పట్టుపట్టిరి. 1957లో రివర్‌సైడు పందెపు బాట తెఱచిరి. 1958లో అక్కడ వేఱొక సంస్థ అనుమతితో సొమ్ముపందెము జరిగి వేలజనము వచ్చి చూచిరి. శుద్ధమైన వేడుకయే మా మతమని కూర్చున్నవారి పీటలు కదలినవి. 1960వ దశాబ్దపు ఆరంభమున కాల్ క్లబ్బు పెద్దసంఘములో నొక శాఖగా చేరి ఆ ప్రాంతమంతయు తన పాలికి తెచ్చుకొన్నది. వేఱుపడిన కొడుకు తిరిగివచ్చి పెద్దింటి తాళపుచెవులు పుచ్చుకొన్నట్లయ్యెను. 1963 నుండి పెద్దసంఘమే సొమ్ముపందెములు నడుపసాగెను.

తరువాతి తగవు తుదిపందెముల చోటును గూర్చినది. దేశమందలి శాఖల విజేతలందఱును ఏడాది కొకమాఱు కలిసి పందెమాడుదురు. 1964 మొదలు ఆఱేండ్లు ఒక యేడు పడమట రివర్‌సైడునను, మఱుయేడు తూర్పున డేటోనాయందును జరిపిరి. అన్నదమ్ములు తద్దినములు పంచుకొన్నట్లు. 1970లో జార్జియా రాష్ట్రమునందలి రోడ్ అట్లాంటాకు తీసికొనిపోయి, 1993 వఱకు 24 పర్యాయములు అక్కడనే ఉంచిరి. పడమటివారు ప్రతి సంవత్సరమును 2,000 మైళ్లకు మించి కారును లాగుకొని పోవలసివచ్చెను. తుదిపందెములు తిరిగి పడమటి తీరమునకు, లగూనా సెకాకు, వచ్చినది 2014లో. అనగా 1968 పిదప 46 ఏండ్లకు. "ఆ మధ్యకాలమున నా భర్త రెండు మాఱులు అర్హుడై, ఖర్చు భరింపలేక ఒక్కమాఱైనను పోలేదు" అని జెండాల మామ్మ చెప్పినది. ఆయన ఇప్పుడు లేరు. ఆమె ఆ మాటను కోపముతో చెప్పలేదు. కాఫీగిన్నె మూత తిప్పుచు చెప్పినది.

కుర్చీల కొఱకు మాత్రమే పోరాడినవారు కొందఱుండగా, పోరాడలేక వెడలిపోయినవారును కలరు. పెద్దసంఘపు కార్యనిర్వాహకుడైన జాన్ బిషప్ లోపలి రాజకీయములతో వేసారి 1969లో పని విడిచి, భార్య పెగ్‌తో గూడి, బిల్ ఫ్రాన్సు తోడ్పాటుతో ఇమ్సా యను వేఱు సంస్థను స్థాపించెను. ఆ దంపతులు పెట్టిన సంస్థ నేటికిని గొప్పగా నడచుచున్నది. కాలిఫోర్నియాలోని శాఖలు మఱియొక త్రోవ త్రొక్కినవి. శాన్‌ఫ్రాన్సిస్కో శాఖవారు విల్లోస్ అను ఊరివద్ద థండర్‌హిల్ అను స్వంత బాటను 1993లో తెఱచిరి. రెండేండ్లకు, 1995లో, కాల్ క్లబ్బువారు దక్షిణమున బటన్‌విల్లో వద్ద తమ బాటను నిర్మించుకొనిరి. రెంటికిని నడుమ 300 మైళ్లకు మించిన దూరము. ఎవరి బావి వారు త్రవ్వుకొనిరి. మాకు చరిత్రమంతటిలో ఇదియే తెలివైన పనిగా తోచినది గాని, మా అబ్బాయి చేరిన చిన్నసంఘమునకు బావి త్రవ్వుకొను స్థోమత లేదు.

ఈ కథలో ఆడువారెక్కడ అని అడిగితిమి. 1950ల నాటి పందెములలో ఆడువారి కొఱకు ప్రత్యేకముగా చిన్నపందెము పెట్టుట కలదట. దానితో తృప్తిపడక డెనీస్ మెక్‌క్లగేజ్ అను పత్రికారచయిత్రి మగవారితో సమానముగ పందెములాడినది. ఆమె చుక్కలుచుక్కల శిరస్త్రాణము ప్రసిద్ధము. భౌతికశాస్త్రము చదివిన జానెట్ గత్రీ ఈ వేడుకపందెములలోనే చేయితిరిగి 1977లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెమున పాల్గొన్న తొలి స్త్రీ యయ్యెను. "వారి పేర్లు పుస్తకములలో నున్నవి. మలుపులలో నిలిచినవారి పేర్లు నీ కోడలి నోటుబుక్కులో నున్నవి" అని జెండాల మామ్మ నవ్వినది.

ఇక మా సంగతి. ఏప్రిల్ నెల చివర నొక ఆదివారమున ఉత్తరశాఖ పెద్దలు మా అబ్బాయి యింట సమావేశమైరి. పదునాలుగుమందికి మేము పులిహోరయు గారెలును చేసితిమి. వారు తినుచు, మెచ్చుకొనుచు, దక్షిణశాఖవారిని తిట్టిరి. తుదకు, తమ తేదీని లాగుకొన్నవారి పందెమునకు పోటీగా అదే శనివారమున ఉత్తరమున అభ్యాసదినము పెట్టుదమనియు, తమ జెండాల మనుష్యుల నెవరిని అటు పంపరాదనియు నిశ్చయించిరి. "మనవాండ్రు లేక యెట్లు నడపెదరో చూతము" అని ఒకాయన బల్ల చఱచెను. మాకాయన మాటలో సగమే యర్థమైనది. అయినను మా రక్తము పొంగినది! మనుష్యులెవరో, మతమేదో, ఆ బాటలేవో తెలియకున్నను, మా చేతి పులిహోర తిన్నవారు మావారు, తిననివారు పైవారు. పుట్టినూరిలో దాయాదుల గట్టుతగవున మా మేనత్త యెట్లు నడుముకట్టెనో అట్లే మేమును నడుముకట్టితిమి.

మే నెల రెండవ వారము దాటిన మంగళవారమున కోడలు ఉద్యోగమునకు పోవుచు, "అత్తయ్యగారూ, దక్షిణశాఖవారు నోటుబుక్కు కొఱకు అడుగవచ్చును. ఏమి చేయవలెనో నాకును పాలుపోకున్నది. సాయంత్రము ఆలోచింతును" అని చెప్పి, పుస్తకమును వంటయింటి బల్లపైననే విడిచి పోయినది. పదిగంటలకు టెలిఫోను మ్రోగెను. దక్షిణశాఖలో మా కోడలి పనివంటి పనియే చేయు ఇల్లాలు. గొంతు మెత్తనిది, అలసియున్నది. "అమ్మా, మాకు పది మలుపులకు మనుష్యులు చాలుటలేదు. మీ కోడలివద్ద పేర్ల పుస్తకమున్నదట. చూచి చెప్పగలరా?" అని, మాకు తెలియునట్లు నెమ్మదిగా నడిగెను. పుస్తకముపై మా చేయి యున్నది. దానిపై పసుపు మరక పడగా తుడుచుచుంటిమి.

"లేదు. మాకు తెలియదు" అంటిమి.

ఆమె మాకు నమస్కారము చెప్పి పెట్టివేసినది. గెలిచితిమని సంతోషించి, బియ్యము కడిగి పొయ్యిమీద పెట్టితిమి. కోడలు వచ్చిన పిదప ఆ టెలిఫోను సంగతి చెప్పలేదు.

ఆ శనివారమున మావాడు అభ్యాసదినమునకు పోయెను. జెండాల మామ్మ మాత్రము ఉత్తరశాఖ నిశ్చయమును లెక్కచేయక, తెల్లవాఱకమునుపే తన కారులో తానే 250 మైళ్లు నడుపుకొని దక్షిణమునకు పోయినది. ఎవరో అడ్డుచెప్పగా, "కారు నడుపుచున్న పిల్లవానికి నేనే శాఖదాననో తెలియునా?" అన్నదట.

అక్కడ మనుష్యులు చాలలేదు. కొన్ని మలుపుల నిద్దఱు నిలువగా, ప్రమాదము తక్కువయని తలచిన రెండింట ఒక్కొక్కరినే నిలిపి పందెమును నడపించిరి. ఆ రెండింటిలో ఒకదానియందు జెండాల మామ్మ నిలిచినది. మధ్యాహ్నము మూడుగంటల యెండ. ఒక్కతె రెండువైపులను చూడవలెను గనుక కూర్చుండలేదు. నీరు త్రాగుటకు వంగలేదు. నిలిచిననిలుచుననే స్పృహతప్పి గడ్డిపై పడిపోయినది. చూచినవారు లేరు. అదే నిమిషమున ఆవలి ప్రక్క నొక కారు అదుపుతప్పి గింగిరాలు తిరిగి బాటకడ్డముగ నిలిచినది. పసుపుపచ్చ జెండా లేవలేదు. వెనుక వచ్చిన పిల్లవాడు మలుపు తిరిగి దానిని గుద్దెను. వాని మణికట్టు విఱిగినది. అప్పుడు గాని ఆ మలుపున జెండా లేదని యెవరికిని తెలియలేదు. అప్పుడు గాని గడ్డిలో తెల్లదుస్తులు కానరాలేదు.

ప్రాణములకు భయము లేదని రాత్రి తొమ్మిదిగంటలకు టెలిఫోను వచ్చువఱకు మా యింట దీపముల క్రింద నెవరును మాటాడలేదు. మనుష్యులు చాలకున్నను పందెము నడపుట దక్షిణశాఖవారి తప్పు. పోటీదినము పెట్టుట ఉత్తరశాఖవారి తప్పు. పది దినములు రెండు శాఖలవారును ఇవియే వాదించుకొనిరి. మా తప్పును గూర్చి వాదించువారు లేరు. అది మాకొక్కరికే తెలియును.

మూడవనాడు కోడలితో చెప్పితిమి. ఆమె చాలసేపు పలుకలేదు. మమ్ము నిందించినను సుఖముగ నుండెడిది. తుదకు, "అత్తయ్యగారూ, ఆ సాయంత్రము నేనును ఆలోచించితిని. ఇయ్యకూడదనియే నిశ్చయించుకొంటిని. మీరు చెప్పియున్నను నేనిచ్చెడిదానను కాను" అన్నది. అని లేచి, ముఖము కడుగుకొనబోయినది. అది మమ్మోదార్చుటకు చెప్పినదో, నిజమో, నేటికిని మాకు తెలియదు. అడుగుటకు ధైర్యము చాలలేదు.

జెండాల మామ్మ రెండు దినములు ఆసుపత్రిలో నుండి ఇల్లు చేరినది. మేము మజ్జిగయు, మెత్తగా వండిన పెసరపప్పు పులగమును తీసికొని పోయితిమి. మా కథ మొత్తము చెప్పితిమి. ఇంగ్లీషున మాటలు దొరకనిచోట కోడలు అందించినది. ఆమె విన్నది. చెంచాతో మజ్జిగ కలుపుచు, "ఆ పిల్లవాని మణికట్టు ఎట్లున్నది?" అని యడిగినది. కట్టుకట్టిరని చెప్పితిమి. "జూన్ నెలలో వారికి మఱియొక పందెమున్నది. అప్పటికి నేను నిలువలేను. ఇద్దఱు కావలెను నా మలుపునకు" అన్నది. క్షమించితినని చెప్పలేదు, క్షమింపననియు చెప్పలేదు.

ఇంటికి రాగానే కోడలు నీలినోటుబుక్కును మా చేతికిచ్చినది. ఇది శాఖ నిశ్చయమునకు విరుద్ధమనియు, తెలిసినచో తన పని పోవుననియు ఆమెకు తెలియును. నంబరు తానే నొక్కి టెలిఫోనును మాకందించి, ప్రక్కన కుర్చీ లాగుకొని కూర్చున్నది. ఆ మెత్తని గొంతే పలికినది. మేమెవరమో చెప్పితిమి. ఆవల కొంచెముసేపు నిశ్శబ్దము.

"పుస్తకము దొరకినది. చదివెదను, వ్రాసికొనుము" అంటిమి.

మొదటి పేరు, టెలిఫోను నంబరు, మోకాళ్లనొప్పి కలదు గనుక మెట్టపైన నిలుపరాదను సంగతి. రెండవ పేరు. మూడవ పేరు. పదునాఱవ పేరువద్ద మా గొంతు తడబడగా, ఆమె "తొందరలేదమ్మా, నెమ్మదిగా చదువుడు. కలము సిరా అయిపోయినది, వేఱొకటి తెచ్చుకొనెదను" అని లేచిపోయినది. మేము వ్రేలు ఆ పేరుమీదనే ఉంచుకొని కూర్చుంటిమి.